ఒకవైపా, రెండు వైపులా?

అలసూరు మెట్రో మెట్ల కింద నా జెరాక్స్ కొట్టు.
ఆధార్లు, అద్దె అగ్రిమెంట్లు, పోయినవాళ్ళ సర్టిఫికెట్లు,
దేనికైనా పేజీకి రెండు రూపాయలే.

వాన సన్నగా పట్టిన పొద్దున బరియాలై వచ్చాడు,
వీసా పొడిగింపు కాగితాలు చొక్కా లోపల
పొట్టకి ఆనించుకుని.
ఖోస్త్ పిల్లాడు. ఇక్కడ సివిల్ ఇంజనీరింగ్, మూడో ఏడు.
ఆటోవాళ్ళతో కన్నడం బేరమాడతాడు,
తెలుగులో వచ్చింది "అక్కా" ఒక్కటే.
మిగతాదంతా మా ఇద్దరి విరిగిన హిందీ.

కాగితాల అడుగున, లామినేషన్ లేచిపోతున్న కార్డు నకలొకటి.
"మా మామది. అమ్మ పుట్టిల్లు గీతకి అవతల.
సైన్యం ఊరు ఖాళీ చేయించింది.
రెండేళ్ళకి తిరిగి రానిస్తూ ఇది ఇచ్చింది.
చెక్‌పోస్టులో చూపిస్తేనే ఇంటికి పోనిస్తారు.
పేరు వతన్ కార్డు."
వతన్ అంటే ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు.
సొంతూరిని జేబులో పెట్టుకుని
సొంతూరి గేటు దగ్గర నిలబడ్డ మనిషి
నా గాజుపలక మీద బోర్లా పడుకున్నాడు.

"ఒకవైపా, రెండు వైపులా?" అన్నాను, అలవాటుగా.
నవ్వాడు.
"మాకెప్పుడూ రెండు వైపులే అక్కా.
నూట ముప్పై ఏళ్ళ కింద ఒక దొర గీసిపోయాడు.
అమ్మమ్మ పొయ్యి అటు పడింది, కట్టెల అడవి ఇటు."

ఆ మర్నాడు నేను పెట్టె అడుగు నుంచి
మా ముత్తాత పతకం తెచ్చి చూపించాను.
చెంగల్రాయుడు, మద్రాసు సాపర్.
ఈ చెరువు పక్క బారకుల్లోంచి రైలెక్కి
ముప్పై ఏడులో వజీరిస్తాన్ పోయాడు.
తుపాకీ కన్నా గడ్డపారే ఎక్కువ పట్టాడట.
దారిలేని కొండకి దారి వేసినోడని
మా ఇంట్లో ముద్ద ముద్దకీ చెప్పి తినిపించారు.
పతకానికి ఒకవైపు రాజు తల. వెనక పులి.
గడ్డపార ఎక్కడా లేదు.

సంతోషిస్తాడనుకున్నాను.
అతను పులిని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.
"రోడ్డు ఇంకా ఉంది.
మీకు రోడ్డు పడితే బస్సొస్తుంది.
మాకు ఫిరంగొచ్చింది.
విమానం ముందు తెల్లకాగితాలు చల్లేదట, తర్వాత ఎర్రవి,
ఆ తర్వాత కాగితాలు కాదు.
ఒకడి తప్పుకి తెగంతా జైలు, ఊరంతా జరిమానా.
దొర వెళ్ళిపోయినా
ఆ చట్టం ఇంకో డెబ్బై ఏళ్ళు బతికింది."

పఠాను వందేళ్ళకి పగ తీర్చుకుని
తొందరపడ్డానన్నాడట కదా,
అనేశాను. అనకుండా ఉండాల్సింది.

"ఆ మాట బయటివాళ్ళకి బాగా నచ్చుతుంది అక్కా.
మా అమ్మ లెక్కపెట్టేది పగలు కాదు,
రాత్రి గడప దగ్గర చెప్పుల జతలు.
తగువు తీర్చే తెల్లగడ్డాలు జిర్గాకి కూర్చుంటే
గుంపుగా ఉన్నారని ఆకాశం వాళ్ళనే ఏరుకుంది.
ఇప్పుడు నీటి వంతుకి కొట్టుకున్నా
మధ్యన నిలబడే ముసలాయన లేడు.
అతిథుల గదిలో మంచాలు నిలబెట్టే ఉన్నాయి.
తలుపు చప్పుడైతే
టీ పెట్టమనడం మానేశారు, దీపం ఆర్పమంటున్నారు."

కరెంటు పోయింది. యంత్రం సగం కాగితం మింగి ఆగింది.
బయట మోరీ పొంగి మెట్టు దాకా వచ్చింది.
ఏం చెయ్యాలో తోచక
చదువెలా ఉందని అడిగాను.

"తూము డిజైను ఇచ్చారు.
నోటికి అడ్డంగా ఇనపఊచలు గీశాను, ఊళ్ళో చూసిన చేత్తో.
అక్కడ అవి లేకపోతే
రాత్రిపూట లోపల బాంబు పెట్టిపోతారు.
ఊచలెందుకు, చెత్త పట్టుకోదా అన్నారు మేష్టారు.
చెత్త కోసమే అని రాసిచ్చాను.
పదికి ఆరు వేశారు."

కరెంటొచ్చింది. సగం కాగితం బయటికొచ్చింది,
మామ ముఖం మధ్యలో తెల్లటి చార.
మళ్ళీ తీస్తానన్నాను.
వద్దు, ఇదీ బాగానే ఉందన్నాడు.